నిలబెడితే ఆగిపోయే బండి

మా బండికి ఒక పాడుబుద్ధి పట్టుకుంది. పరుగెత్తినంతసేపూ బాగానే పరుగెత్తేది, నిలబెడితే చచ్చేది. కోడుమూరు దాటి కర్నూలు రోడ్డు మీద పోతుంటే ఎవరికీ అనుమానం రాదు. స్పీడు బ్రేకరు కనిపించి క్లచ్ తొక్కానో లేదో ఇంజను వణకడం మొదలుపెట్టేది. ముందు స్టీరింగు వణికేది, తర్వాత సీటు, ఆ తర్వాత ముందరి అద్దం కింద పెట్టిన నాయన మందుల డబ్బా గలగలమనేది. ఇంజను వేగం చూపించే ముల్లు జారేది, లేచేది, మళ్ళీ జారేది. ఆఖరికి ఒక దగ్గు దగ్గి ఆగిపోయేది. వెంటనే వెనకనుంచి హారన్లు. ఆ హారన్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాకు కార్ల మీద మోజేమీ లేదు. బడిలో పిల్లలకు సైన్సు చెప్పుకుని, సాయంత్రం ఇంటికి నడిచి వచ్చేదాన్ని. నాయన కిడ్నీలు పాడైనాక కొన్నాను ఈ బండిని, సెకండ్ హ్యాండులో. వారానికి మూడుసార్లు కర్నూలుకు పోయి డయాలసిస్ చేయించాలి. మొదట్లో బస్సులోనే పోయేవాళ్ళం. రక్తం శుద్ధి అయినాక ఆయనకు బీపీ పడిపోతుంది. ఒకరోజు తిరుగు బస్సులో సీటు దొరక్క కడ్డీ పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. మనుషుల కాళ్ళ మధ్య పడి ఉన్న నాయనను చూసిన మరుసటి వారమే నేను డ్రైవింగు నేర్చుకోవడానికి చేరాను. అమ్మ ఎప్పుడో పోయింది. తమ్ముడు కడపలో ఉంటాడు. నా పెళ్ళి సంగతి ఇక్కడ అనవసరం. మొత్తానికి నాయనకు నేను, నాకు నాయన, మా ఇద్దరికీ ఆ బండి.

నాయన నేత మనిషి. గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చుంటే భోజనానికి కూడా పిలిచి పిలిచి లేపాల్సి వచ్చేది. ఇప్పుడు మగ్గం లేదు, ఎడమ చేతి మీద సూదులు గుచ్చే చోట ఉబ్బిన నరం ఉంది. కానీ ఆ వేళ్ళు ఊరుకోవు. దారం ముక్క కనిపిస్తే తీసి ముడి వేస్తాయి. సంచీ తెగినా, మంచం నవారు వదులైనా, ఆయన ముడి వేశాడంటే మళ్ళీ దాన్ని విప్పేవాడు పుట్టలేదు. కత్తెరతో కోయాల్సిందే.

బండి వచ్చిన కొత్తలోనే మా ఇద్దరికీ దిష్టి దగ్గర గొడవైంది. అమావాస్య అమావాస్యకూ బండి ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టేవాడు. అవి ఎండి, కుళ్ళి, ఈగలు ముసిరి ఉండేవి. ఒకరోజు బడికి పోయే తొందరలో చిరాకేసి ఆయన కళ్ళముందే పీకి చెత్తలో పారేశాను. ఆ పూట ఆయన అన్నం తినలేదు. సాయంత్రం అడిగితే, "నీకు సైన్సు ఉండాదమ్మా. నాకేముండాది?" అన్నాడు. అప్పటినుంచి ఆయన బండికి ఏదీ కట్టినట్టు నాకు కనపడలేదు. గొడవ తీరిపోయిందనుకున్నాను.

తీరలేదు. బండి వణకడం మొదలుపెట్టినాక కోడుమూరులో మెకానిక్ బానెట్ ఎత్తగానే బయటపడింది. ఇంజను పక్కన బొటనవేలంత లావు నల్లటి రబ్బరు గొట్టం ఒకటి ఉంది. దానికి ఎర్రటి మూట వేలాడుతోంది. ఆ గుడ్డ నాయన నేసిన చీర అంచుది, నేను గుర్తుపట్టాను. లోపల పటిక ముక్క. కట్టిన దారం గంజి పెట్టిన నూలు. ముడి సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను పీకేస్తానని నాకు కనపడని చోట కట్టాడన్నమాట! నాకు మండింది. కానీ అన్నం మానేసిన ఆ పూట గుర్తొచ్చి, పోనీలే, దీని జోలికి పోకుండా ఉందాం అని ఊరుకున్నాను.

మెకానిక్ నన్ను చూడలేదు, నా వెనక చూశాడు.

"సార్ రాలేదా మేడం?"

"ఏ సారు?"

"అదే, బండి సారు."

"బండి నాది. సారూ నేనే. ఏమైందో చెప్పు."

అతను చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ముందు ఆ పటిక మూటను తాకి కళ్ళకద్దుకున్నాడు. "ఎవురో శానా శ్రద్ధగా కట్టినారు మేడం. దీన్ని మాత్రం కదిలించగూడదు" అని దాన్ని జాగ్రత్తగా ఒక పక్కకు ఒత్తిపెట్టి, ప్లగ్గులు విప్పి కొత్తవి వేశాడు. బండి ఒక్క రోజు బుద్ధిగా ఉంది. మరునాడు మళ్ళీ స్పీడు బ్రేకరు దగ్గర చచ్చింది. వెనక్కి తీసుకుపోతే, "క్లచ్ సగం సగం తొక్కతాండారేమో మేడం. ఆడోళ్ళకు అదే అలవాటు" అన్నాడు.

"నువ్వెక్కు" అన్నాను. తాళం చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాను. వాడు వీధి చివరిదాకా పోయి, మలుపులో స్లో చేశాడు. బండి వాడి కాళ్ళకింద కూడా అలాగే చచ్చింది. "ఇప్పుడు చెప్పు, ఎవరి అలవాటు ఇది?" అన్నాను. వాడు తల గోక్కుని, "పెట్రోల్లో నీళ్ళు ఉంటాయిలే" అన్నాడు. సారీ అన్నాడనుకున్నారా? అనలేదు.

ఆ వారంలోనే కర్నూల్లో బళ్ళారి చౌరస్తా సంగతి జరిగింది. డయాలసిస్ అయి వస్తున్నాం. మిట్టమధ్యాహ్నం, నెత్తిమీద ఎండ. నాయన పక్క సీట్లో కళ్ళు మూసుకుని ఉన్నాడు, చేతికి పట్టీ. సిగ్నలు పడింది. ఇంజను వణికింది. నేను బ్రేకు మీద ఒక కాలూ, పెట్రోలు మీద ఒక కాలూ పెట్టి దాన్ని బతికించాలని చూశాను. పచ్చ దీపం వెలిగింది, ఇంజను ఆరిపోయింది. తాళం తిప్పితే గిరగిరమంటుంది తప్ప అందుకోదు.

వెనక ఆటోవాడు, "ఏమక్కా, నిద్రపోతాండావా?" అని అరిచాడు. మోటారు సైకిలు మీదివాడొకడు కిటికీ దగ్గర ఆపి మరీ, "వీళ్ళకు బండ్లిచ్చినోడిని అనాల ముందు" అని పోయాడు. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి ఏం తిట్టానో నాకే గుర్తు లేదు. బడి పిల్లలెవరూ అక్కడ లేకపోవడం నా అదృష్టం. అంతలో పక్క తలుపు తెరుచుకున్న శబ్దం. తిరిగి చూద్దును కదా, నాయన దిగిపోయాడు! బండిని తోయడానికి వెనక్కి నడుస్తున్నాడు. నిలబడే ఓపిక లేని మనిషి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, అలాగే మోకాళ్ళ మీద జారిపోయాడు. నేను పరుగెత్తి లేపేసరికి చేతి పట్టీ ఎర్రగా తడిసింది. అప్పుడు ఆటోవాడు హారన్ మానేసి వచ్చి పట్టుకున్నాడు. "పెద్దాయన ఉండాడని సెప్పొచ్చు గదక్కా" అంటాడు. చెప్పాలంట! మనిషి ఉన్నాడని చెప్తేనే హారన్ ఆపుతారా?

ఆ సాయంత్రం నాయన చాప మీద పడుకుని, గోడవైపు తిరిగి అన్నాడు: "ఇంక నేను రానమ్మా."

"యాడికి?"

"ఆసుపత్రికి. సాలు. నా మూలాన నడిబజార్లో అందరితో మాటలు పడతాండావు. బండి కూడా పోవద్దంటాండాది సూడు."

"బండి నీకు చెప్పిందా?"

"సెప్పకనే సెప్తాండాది."

నాకు కోపం ఎందుకొచ్చిందంటే, ఆయన గొంతులో బాధ లేదు. భారం దించుకున్నవాడి గొంతు అది. సూదులతో, దాహం వేసినా కొలిచి తాగే నీళ్ళతో, ఆయన ఎప్పుడో విసిగిపోయాడు. మానేస్తానని నా ముఖం చూసి చెప్పలేక సాకు కోసం చూస్తున్నాడు. ఆ సాకును బండి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఇక బండి బాగుపడకపోతే ఆయన చాప మీదినుంచి లేవడు. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"బండి బాగు చేయించుకొస్తా. అప్పుడేం చెప్తావో చూస్తా" అన్నాను.

"బాగైతే సూద్దాంలే" అన్నాడు గోడతోనే.

కర్నూల్లో పెద్ద షెడ్డుకు పోయాను. అక్కడ కంప్యూటరు ఉంది. కారుకు తీగ తగిలించి తెర మీద చూసి, అక్కడి మెకానిక్, "గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని చూపిస్తాండాది మేడం" అన్నాడు.

"గాలి ఎందుకు ఎక్కువైంది?"

"పెట్రోలు తక్కువైతే గాలి ఎక్కువ గాక ఏమైతాది మేడం?"

ఈ జవాబు నా తరగతిలో చెప్పినవాణ్ణయితే బెంచీ ఎక్కించి ఉండేదాన్ని. అతను పెట్రోలు పంపు మార్చాడు. గాలి పోయే దారంతా విప్పి కడిగాడు. పటిక మూట చేతికి అడ్డం వచ్చినప్పుడల్లా ఒక శుభ్రమైన గుడ్డ ముక్కతో దాన్ని ఎత్తిపట్టుకుని, పని కాగానే మెల్లగా దించాడు. నా బండిలో మర్యాద దక్కింది ఆ మూటకొక్కదానికే. కడిగినాక బండి కొంచెం నయం అనిపించింది. ఊరి పొలిమేర చేరేలోపు మళ్ళీ మొదలు.

తమ్ముడికి ఫోన్ చేశాను. కడపనుంచి వాడి తీర్పు: "అక్కా, ఆ బండి మీకు అచ్చిరాలేదు. అమ్మేయ్. నాయన్ను ఈడికి పంపు, మేం సూసుకుంటాం."

"నువ్వుండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నాయనను మూటగట్టి పైకి లాగుతావా?"

"ఎందుకట్ల ఎగిరి పడతాండావు? నేనేమన్నా ఇప్పుడు?"

"ఏమీ అనలేదు. అదే నా బాధ" అని ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాతి డయాలసిస్ రోజు నాయన కదల్లేదు. ఆటో పిలిచాను, ఎక్కలేదు. బతిమాలాను, తిట్టాను, పక్కింటివాళ్ళతో చెప్పించాను. "బండి బాగైతే సూద్దామంటినే" అన్న మాట మీదే ఉన్నాడు. మరునాటికి పాదాలు ఉబ్బాయి, వేలుతో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. ఆ పైరోజు తెల్లారకముందే, పడుకుంటే ఆయాసం వస్తోందని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఈ మధ్యాహ్నం ఖాళీ ఉంది, ఎలాగైనా తీసుకురండి, ఇంకోటి తప్పితే మా చేతుల్లో ఉండదు అన్నారు. ఎదురింటావిడను నాయన దగ్గర కూర్చోబెట్టి, పొద్దున్నే ఒక్కదాన్నే బండి తీసుకుని కర్నూలు షెడ్డుకు పోయాను. దారిలో ఆగిన ప్రతిచోటా నోటికొచ్చింది తిట్టుకుంటూ మళ్ళీ స్టార్టు చేసుకుంటూ పోయాను.

మెకానిక్ ఇంజను ఆన్ చేసి బానెట్ ఎత్తాడు. చేతులు కట్టుకుని చూశాడు. ఇంజను గడగడా వణుకుతోంది. "ఇది పైపైన అయ్యేది కాదు మేడం. ఇంజను దించాల. వారం పడతాది" అన్నాడు.

"వారమా?" అన్నాను. "నాకు ఈ మధ్యాహ్నం కావాలప్పా! మా నాయనకు ఊపిరాడడం లేదు ఇంటికాడ!"

"నేనేం చేసేది మేడం? ఇంజను మాట వినాల గదా."

అప్పుడు నా కళ్ళు ఆ మూట మీద పడ్డాయి. ఇంజనుతో పాటు అదీ ఊగుతోంది, ఎర్రగా, నిశ్చింతగా. ప్లగ్గులు పీకారు, పంపు పీకారు, ఇప్పుడు ఇంజనే పీకుతామంటున్నారు. దాన్ని మాత్రం ఒక్కడూ ముట్టుకోడు. నేను కూడా ముట్టుకోను! ఇంతమందిమి కలిసి దానికి దండం పెట్టుకుంటూ కూర్చుంటే, అది ఎవరిని కాపాడుతోంది? ఇంట్లో గోడకు ఆనుకుని ఆయాసపడుతున్న మనిషినా?

చెయ్యి పెట్టి గట్టిగా గుంజాను.

"మేడం, వద్దు! దిష్టి మూట!" అని అతను వెనక్కి గెంతాడు.

మూట ఊడలేదు. నాయన ముడి కదా, ఊడదు. గొట్టమే మూటతో పాటు వంగి వచ్చింది. కుక్కరు కూతకు ముందు పెట్టే బుసలాంటిది ఒకటి పెద్దగా వినిపించి, ఇంజను ఠక్కున ఆగిపోయింది.

"మళ్ళీ స్టార్టు చెయ్" అన్నాను. అతను భయపడుతూనే తాళం తిప్పాడు. వణుకు మొదలైంది. ఆ బుస ఇప్పుడు సన్నగా నాకు వినపడుతోంది, మూట కట్టిన చోటునుంచే. దారం మీదుగా గొట్టాన్ని పిడికిలితో బిగించి మూశాను. ఇంజను వణుకు తగ్గింది. ఇంకా గట్టిగా మూశాను. బండి నిద్రపోయే పిల్లాడి మాదిరి కుదురుకుంది. వదిలాను, వణికింది. మూశాను, నిలిచింది. నేను మెకానిక్ మొహం చూశాను. అతను నా పిడికిలి చూస్తున్నాడు.

బ్లేడుతో దారం కోశాం. నాయన దాన్ని తడిపి కట్టినట్టున్నాడు, మగ్గం దగ్గర అదే అలవాటు. గంజి నూలు ఇంజను వేడికి ఆరి బిగుసుకుపోయి రబ్బరును కోసేసింది. కింద గోటితో గీరినంత సన్నటి చీలిక. ఇంజను ఊపిరి పీల్చినప్పుడల్లా లెక్కలో లేని గాలి అందులోంచి దూరుతోంది. పరుగులో ఆ కాస్త గాలి దానికి ఆనదు. నిలబడ్డప్పుడు, సన్నగా ఊపిరి తీసుకోవాల్సినప్పుడు, ఆ గాలే దాని గొంతు నొక్కుతోంది. పక్క అంగట్లో అలాంటి గొట్టం దొరికింది. టీ తాగేంతసేపట్లో వేసేశాడు.

"కట్టిందెవురు మేడం?" అన్నాడు అతను బానెట్ మూస్తూ.

"మా నాయన."

"ముడి మాత్రం శానా గట్టిది" అన్నాడు. కొట్టబోయి ఆగాను.

ఇంటిదాకా దారంతా నాయనను ఎలా తిట్టాలో సిద్ధం చేసుకుంటూ వచ్చాను. నీ సాకు నువ్వే తయారుచేసుకున్నావు, నన్ను రోడ్డు మీద నిలబెట్టావు, నీ రక్తం నువ్వే కార్చుకున్నావు అని. లోపలికి పోయి మూటను ఆయన ఒళ్ళో పడేశాను. ఎదురింటావిడ నా మొహం చూసి లేచి వెళ్ళిపోయింది.

"ఇదీ నీ బండి చెప్పిన మాట! నువ్వు కట్టిన దారం గొట్టాన్ని కోసేసింది. దాంతోనే ఆగిపోతా వచ్చింది ఇన్ని దినాలూ! ఎందుకు కట్టావు? నీకు దిష్టి తగల్తుందనా? నీకింకా తగిలేదానికి ఏం మిగిలింది నాయనా?"

ఆయన మూటను రెండు చేతుల్లోకి తీసుకుని తెగిన దారం చూశాడు. ఆయాసం మధ్యన ఆగి ఆగి మాట్లాడాడు.

"నా కోసం కాదమ్మా. ఒగ దినం వస్తాది. నన్ను ఆసుపత్రిలో ఇడిసి, నువ్వు ఒక్కదానివే బండి తోలుకోని రావాల. ఆ పొద్దు నీ కండ్లకు రోడ్డు కనపడదు. నేను పక్కన ఉండను. బండి నిన్ను బద్రంగా ఇల్లు జేర్చాలని కట్టినా."

సిద్ధం చేసుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో పోయాయి. కోపం మాత్రం పోలేదు. అంత కోపం నాకు జన్మలో రాలేదు. ఆయన మీదా, ఆ మూట మీదా, నాకు చెప్పకుండా ఆ రోజును ఒంటరిగా ఊహించుకుంటూ బానెట్ కింద చెయ్యి పెట్టి ముడి వేసుకున్న ఆ వేళ్ళ మీదా. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అరిచాను.

"ఆ దినం వచ్చినప్పుడు నేను చూసుకుంటా! ఆ దినం కోసమని ఈ దినాన్ని చంపుతావా? బండి బాగైంది. బాగైతే చూద్దామన్నావు. లెయ్. చెప్పులేసుకో."

ఆయన చెప్పుల కోసం కాలుతో తడిమాడు. ఉబ్బిన పాదానికి చెప్పు పట్టలేదు. నేను వంగి వేళ్ళదాకా ఎక్కించాను.

బండి దగ్గర మళ్ళీ ఆగాడు. చేతిలో మూట అలాగే ఉంది. అడగలేదు, ఊరికే పట్టుకుని నిలబడ్డాడు. నేను పళ్ళు కొరుక్కుంటూ బానెట్ ఎత్తాను. ముందు దీపం పక్కన ఇనుప పట్టీ చూపించి, "ఈడ కట్టు. ఇది ఇనుము. నీ ముడికి తెగదు" అన్నాను. జేబులోంచి దారం ముక్క తీశాడు. ముడి ఒక్కసారికే పడింది.

బళ్ళారి చౌరస్తాలో సిగ్నలు పడింది. ఆగాం. చుట్టూ ఆటోలు, బస్సులు, మోటారు సైకిళ్ళు. నేను స్టీరింగు గట్టిగా పట్టుకుని ముల్లునే చూస్తున్నాను. అది కదల్లేదు. మందుల డబ్బా గలగలమనలేదు. నాయన కంగారుగా కళ్ళు తెరిచి, తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"ఆగిపోయిందామ్మా?"

"లేదు నాయనా. నడస్తానే ఉండాది."

ఆయన నమ్మలేదు. తలుపు పిడి వదిలి, ఇంజను అదురు తెలిసేలా అద్దం కింద అరచెయ్యి ఆనించి చూశాడు. పచ్చ దీపం వెలిగేదాకా ఆ చెయ్యి తీయలేదు.